ఎడమ నుంచి అలికిన గోడ

కవిగారి ఇల్లు చూస్తామని మా ఊరు వచ్చేవాళ్ళు గడప దాటగానే అడిగేది ఒకటే. ఆయన చేతిరాత ఎక్కడుందీ అని. నేను నడిమింటి గోడ చూపిస్తాను. ఆ గోడ మీద ఎర్రమట్టి పూత తప్ప ఏమీ ఉండదు. వాళ్ళు గోడ చూస్తారు, నన్ను చూస్తారు, ముసలిదానికి మతి తప్పిందేమోనని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అప్పుడు చాప వేసి కూర్చోమంటాను. ఆ రాతని చెరిపింది నేనే గనక ఆ కథ చెప్పే హక్కు కూడా నాదే.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మాది గంజాం జిల్లా. పలాసలో రైలు ఆగుతుందన్న మాటే గాని మా ఉద్దానం ఊళ్ళకి ఎడ్లబండే దిక్కు. మా కన్నవారిది వజ్రపుకొత్తూరు పక్కన, సముద్రం హోరు వంటింట్లోకి వినిపించే ఊరు. నన్ను మా బావకిచ్చి చేశారు. ఆయన తాతగారే కవిగారు. నేను వచ్చేసరికి ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆయన్ని చూడలేదు గాని ఆయన పాటలు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఊడ్పుల్లో, కొబ్బరి పీచు ఒలిచేచోట, వల లాగేచోట మావాళ్ళందరూ పాడుకునేవి అవే. వాటిని ఒక మనిషి కట్టాడని, ఆ మనిషికి ఒక ఇల్లుందని, ఆ ఇంట్లో నేను పొయ్యి ఊదబోతున్నానని నాకేం తెలుసు. పాటలు కూడా వానలాగే ఎక్కడినుంచో వస్తాయనుకునేదాన్ని. అప్పటికి నాకు ఓనమాలు కూడా రావు.

ఇంటికి పెద్దదిక్కు మామ్మ. కవిగారి భార్య. మాటలు తక్కువ, పని ఎక్కువ. ఆవిడకీ చదువు రాదు. నేను కాపురానికి వచ్చిన మొదటి గురువారం, ఇల్లలకమని పేడా ఎర్రమట్టీ కలిపిన కుండ నా ముందు పెట్టింది. అలకడంలో మా ఊళ్ళో నన్ను మించినవాళ్ళు లేరని నాకు గొప్ప. చెయ్యి గుండ్రంగా తిప్పుతూ, అర్ధచంద్రాలు తీరుగా పడేలా సగం గోడ చిటికెలో అలికేశాను. మెచ్చుకుంటుందేమోనని వెనక్కి తిరిగితే మామ్మ వచ్చి నా మణికట్టు మీద ఒక్కటేసింది.

"ఏటే ఆ గెలుకుడు? ఎడమ పక్కనుండి మొదలెట్టు. ఒక్క వరస, సివరికంటా. అప్పుడు కిందకి దిగి రెండో వరస."

"ఎటునుండి అలికితే ఏటి మామ్మా? మట్టికి కుడెడమలు తెలుత్తాయేటి?" అన్నాను. నోరు ఊరుకోదు కదా నాకు.

"మట్టికి తెలవదు. నాకు తెలుస్తాది" అంది.

చాదస్తం అనుకున్నాను. ఆవిడ చూస్తున్నప్పుడు ఎడమ నుంచి, చూడనప్పుడు నా ఇష్టం వచ్చినట్టు అలుకుతూ రోజులు గడిపాను. నడిమింట్లో ఒక గోడ మాత్రం నా చేతికి రాలేదు. దానికి అడ్డంగా వరి గాదె ఉండేది. దాని వెనక ఏముందో చూడాలని నాకు తోచలేదు, ఎవరూ చెప్పనూ లేదు.

ఇక మా మామగారి సంగతి చెప్పాలి. ఆయన కవిగారి ఒక్కడే కొడుకు. పొద్దు పొడవక ముందు లేచేవాడు, పొద్దు గూకాక కూర్చునేవాడు. ఈ తోటలు ఆయన రెక్కల కష్టం. తండ్రి ఇల్లంటే మాత్రం ఆయనకి కంట్లో నలుసు. తాటాకు కమ్మల కప్పు, మట్టి గోడలు, ఒంగిన గుమ్మాలు. దాన్ని పడగొట్టి, ఆ తాటి దూలాలతోనే తోట పక్కన పెంకుటిల్లు కట్టాలని ఆయన పట్టుదల. అది ఇంటి మీద కోపం కాదని, తండ్రి మీద కోపమని ఊరందరికీ తెలుసు. ఒకసారి అన్నం తింటూ నాతో ఆయనే అన్నాడు.

"నా సిన్నతనంలో నూతికాడినుండి కావిడి మోసి కొబ్బరి మొక్కలకి నీలు పోసీవోడినమ్మా. నా బుజం కాయకాసిపోనాది. మా అయ్య బొగ్గుముక్క పట్టుకోని గోడకాడ నిలబడీవోడు. నా ఏపు ఒక్కపాలి కూడా సూడనేదు."

ఆ మాట అన్నప్పుడు ఆయన కంచంలోకే చూస్తున్నాడు. నేను మజ్జిగ పోశాను.

ఇల్లు పడగొడతారని తెలిసి నిద్రపట్టనిది మా ఊరి బడి మేష్టారికి. ఆయన చిన్నతనంలో కవిగారి అరుగు మీద కూర్చుని పాటలు విన్నవాడు. చెప్పులరిగేలా టెక్కలి తిరిగారు. అక్కడ ఒక ప్లీడరుగారు గ్రంథాలయ సంఘం పెట్టి ఊరూరా పుస్తకాల ఇళ్ళు తెరిపిస్తున్నారు. కవిగారి ఇంటిని ఆయన పేరుతో పుస్తకాల ఇల్లు చెయ్యమని మేష్టారు అడిగితే, ప్లీడరుగారు కాదనలేదు గాని ఒక మెలిక పెట్టారట. ఆ పాటలు జనం నోట ఉన్నవి, అవి ఫలానా ఆయన కట్టాడని రుజువు ఉండాలి కదా, అచ్చు పుస్తకం లేదు, తాటాకు లేదు, ఆయన చేతిరాత ఒక్కటి కళ్ళతో చూస్తే సంఘంలో నిలబడి మాట్లాడతాను అన్నారట.

చేతిరాత ఉంది. నడిమింట్లో గాదె వెనక గోడ మీద, బొగ్గుతో రాసిన ఆఖరి పాట. మేష్టారికి తెలుసు, మామగారికి తెలుసు, మామ్మకి తెలుసు. నాకు తెలియదు.

మామగారు సరేనన్నాడు. ఒక షరతు పెట్టాడు.

"మా అయ్య పోయిన తిది ఈపాలి ఆదివారం పడ్డాది. ఆ దినం వచ్చి సూసుకోమను. రాత సూసి ఇల్లు కావాలంటే పుచ్చుకోమను. అక్కర్నేదంటే సోమారం పొద్దుటికి దూలాలు దించీత్తాను."

ఆ ఆదివారం కోసం మగవాళ్ళు పందిరి వేశారు, మామిడాకులు కట్టారు, చుట్టుపక్కల ఊళ్ళకి కబురు పెట్టారు. మా బావ శనివారమే బండి కట్టుకుని పలాస వెళ్ళాడు, నౌపడలో రైలెక్కి వచ్చే ప్లీడరుగారిని, ఆయన ఇద్దరు మిత్రుల్ని తీసుకురావడానికి. మామ్మ పొరుగూరిలో ఉన్న కూతుర్ని తేవడానికి వెళ్ళింది. ఆడవాళ్ళకి చెప్పిన మాట ఒకటే. పెద్దోలొత్తన్నారు, ఇల్లు బాగు సెయ్యండి. సోమవారం దూలాలు దిగవచ్చని మా చెవిన పడింది గాని, వీళ్ళు ఎందుకొస్తున్నారో, ఏం చూస్తారో చెప్పలేదు. ఆ ఒక్క ముక్క చెబితే వాళ్ళ నోటి ముత్యాలు రాలిపోతాయా అని ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆదివారం తెల్లవారేసరికి మామగారు నలుగురు మనుషుల్ని పెట్టి గాదె జరిపించి, పందిరి పనికి వెళ్ళిపోయాడు. నేను నడిమింట్లోకి వెళ్ళి ఆ గోడ చూశాను. చూసి సిగ్గుతో చచ్చిపోయాను. పూత నెర్రెలిచ్చింది, సాలెగూళ్ళు పట్టింది, పైనుంచి కిందదాకా నల్లటి గీతలు. పొగచూరిందో, పిల్లలు గీకారో అనుకున్నాను. మా వైపు ఇంటికి చుట్టం వస్తున్నాడంటే అలకని గోడ చూపించడం కంటే తలవంపు లేదు. టెక్కలినుంచి ప్లీడరు వచ్చి, ఈ ఇంటి కోడలికి అలకడం రాదు అనుకుంటే నేనేం కాను. కొంగు బిగించి కుండ తెచ్చుకున్నాను. మామ్మ ఇంట్లో లేదు. కాబట్టి కుడి నుంచి మొదలుపెట్టి, నాకు నచ్చిన అర్ధచంద్రాలు వేస్తూ, పాట పాడుకుంటూ గోడంతా అలికేశాను. పాడుకున్నది కూడా ఆయన పాటే. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గాని చాలా ఏళ్ళు రాలేదు.

పొద్దు బాగా ఎక్కాక మామ్మ కూతురితో వచ్చింది. తిన్నగా నడిమింట్లోకి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను, మెచ్చుకుంటుందని. ఆవిడ గోడ ముందు నిలబడి తడి మట్టి మీద అరచెయ్యి ఆనించింది.

"ఎటునుండి అలికినావు?" అంది.

అబద్ధం ఆడదామనుకున్నాను. ఆవిడ గొంతు విని ఆడలేకపోయాను.

"కుడినుండి మామ్మా."

"కుడినుండా" అని గడప మీద చతికిలబడింది. "అది మీ తాత ఆకర్ని రాసిన పాట. ఆ గోడ మీదే ఉండీది. నాలుగేల్లు నాను సెయ్యెట్టనేదు. అలికితే అయిపోద్దని ఊరుకున్నాను."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అప్పుడు అర్థమైంది ఆ నల్లటి గీతలు ఏమిటో, ఈ పెద్దమనుషులు దేనికోసం వస్తున్నారో, రేపు పొద్దున దూలాలు ఎవరివల్ల దిగబోతున్నాయో. మామ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఏదో అనబోయాను. వీధిలో మా బావ బండి గంటలు వినిపించాయి.

పందిట్లో జనం కిటకిటలాడుతున్నారు. ప్లీడరుగారు కోటు, తలపాగాతో దిగి, కొబ్బరినీళ్ళు తాగి, నేరుగా విషయానికే వచ్చారు. సాయంత్రం రైలు అందుకోవాలంటే ఎండ వాలకముందే బయలుదేరాలన్నారు. మేష్టారు ఆయన్ని చెయ్యి పట్టుకున్నంత పని చేసి నడిమింట్లోకి తీసుకొచ్చారు. తలుపు వెలుగులో తడి గోడ నిగనిగలాడుతోంది. మేష్టారు గోడ దగ్గరికి వెళ్ళి వేళ్ళతో తడిమి చూశారు, గది మారిందేమోనన్నట్టు చుట్టూ చూశారు.

"ఎవరు అలికారు దీన్ని?" అన్నారు.

"నేనేనండి" అన్నాను. ఇంకెవరి మీదా పెట్టడానికి లేదు.

మా బావ తల దించుకున్నాడు. మామగారు గుమ్మంలో నిలబడి గోడనే చూశాడు. ఆయన సంతోషించాడనను. పట్టుకున్నదేదో చేతిలోంచి జారిన మనిషిలా ఉన్నాడు.

"సరే. గోడే తేల్చీసినాది" అన్నాడు. "బాబూ, మీకు శ్రమయినాది. బోయినాలు సేసి ఎల్దురుగాని."

ప్లీడరుగారు మంచి మనిషి. వెళ్ళబోతూ గడప మీద కూర్చున్న మామ్మ ముందు ఆగారు. "అమ్మా, ఇన్నేళ్ళు ఆయనతో ఉన్నారు. మీకేమైనా గుర్తుందా? నాలుగు పాదాలు చాలు" అన్నారు.

మామ్మ లేచి నిలబడింది. నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది. పందిట్లోంచి లోపలికి తొంగిచూస్తున్నవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. "నాకేటీ రాదు బాబూ" అంది. అన్నది నిజమే అనుకుని అందరూ కదిలారు. నేను మాత్రం ఆవిడ ముఖం చూడలేక చెయ్యి చూశాను. కుడిచెయ్యి, నడుం పక్కన, ఎవరికీ తెలియకుండా గాల్లో కదులుతోంది. ఎడమ నుంచి కుడికి, ఒక వరస. కాస్త కిందకి దిగి మళ్ళీ ఎడమ నుంచి కుడికి.

నాకు వెంటనే వెలిగింది, ఆ చెయ్యి గుడ్డ లేకుండానే అలుకుతోందని. వంటింట్లోకి పరిగెత్తి, మిగిలిన అలుకు మట్టి కుండ, గుడ్డ తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

"మామ్మా, నాను కుడినుండి అలికీసినాను. తప్పు సేసినాను. నువ్వు ఎడమనుండి అలుకు" అన్నాను.

"ఏటమ్మా ఇది, పెద్దోల ముందు" అన్నాడు మామగారు.

"మావా, దూలాలు దించీది సోమారం కదా. ఈ దినం ఆదివారం" అన్నాను. మామగారికి అలా ఎదురు చెప్పడం అదే మొదలు. కుండ మీంచి చెయ్యి తియ్యలేదు నేను.

మామ్మ కుండ చూసింది. నన్ను చూసింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గుడ్డ ముంచింది. కాని ఆ గోడ దగ్గరికి వెళ్ళలేదు. "అది ఆకర్ని" అని తలుపు పక్క గోడ దగ్గరికి వెళ్ళి, పైన ఎడమ మూల చెయ్యి పెట్టింది. చెయ్యి జరిగింది, దానితోపాటే గొంతు కదిలింది.

*ఉప్పు మళ్ళ మీద ఎండ ఉడికిపోతదంట*
*చెప్పులేని కాళ్ళకేమొ చెమట చన్నీళ్ళంట*

నౌపడ ఉప్పు మళ్ళ పాట. గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళందరికీ వచ్చిన పాటే. తెలియకుండానే వాళ్ళు గొంతు కలిపారు. రెండు చరణాలు అయ్యాయి. అక్కడికి వాళ్ళ పాట అయిపోయింది, ఆగిపోయారు. మామ్మ ఆగలేదు. చెయ్యి తర్వాతి వరసకి దిగింది, ఎవరూ ఎన్నడూ వినని చరణం వచ్చింది. దాని తర్వాత ఇంకొకటి. తర్వాత మళ్ళీ అందరికీ తెలిసిన చరణం వచ్చింది, ఆడవాళ్ళు మళ్ళీ అందుకున్నారు. మనం ఇన్నాళ్ళూ పాడింది సగం పాటేనని అప్పుడు తెలిసింది మాకు. మిగతా సగం ఈ ముసలావిడ దగ్గర ఉంది.

ప్లీడరుగారు ఒక్కసారి మేష్టారి వైపు తిరిగి, "రాయండి, రాయండి, చూస్తారేం" అని కోటు జేబులోంచి తన పుస్తకం తీసి ఇచ్చేశారు. మేష్టారు నేల మీద కూలబడి రాయడం మొదలుపెట్టారు. కళ్ళు తుడుచుకోడానికి ఆయనకి చెయ్యి ఖాళీ లేదు.

గోడ అయ్యాక మామ్మ గుడ్డ పిండి మళ్ళీ అదే గోడ ఎడమ మూలకి వెళ్ళింది. "దీనికింద ఇంకోటుంది. తుపానొచ్చిన ఏడు రాసినాడు" అంది. అప్పుడు చెప్పింది అసలు సంగతి, పని ఆపకుండానే. తాతకి కాగితం దొరికేది కాదు. వారమంతా పాట కట్టి బొగ్గుతో గోడ మీద రాసేవాడు. గురువారం ఆవిడ కుండతో వచ్చి "సదువు" అనేది. ఆయన ఒక్కో పాదం చదువుతుంటే ఆవిడ ఆ పాదం మీదుగా అలుక్కుంటూ పోయేది. గోడ తడిసేసరికి పాట ఆవిడకి వచ్చేసేది. ఆయనకి మళ్ళీ రాసుకోడానికి శుభ్రమైన గోడ దొరికేది. కాపురం చేసినన్నాళ్ళూ అలాగే జరిగింది. కూర్చోబెట్టి చెప్పమంటే ఆవిడకి ఒక్క ముక్క రాదు. చెయ్యి తడిస్తే అన్నీ వస్తాయి. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ప్లీడరుగారు అడిగితే, "ఎవులడిగినారు?" అంది.

మేష్టారు ఆ మాట కూడా పుస్తకంలో రాసుకున్నారు.

తరువాతిదంతా పండగే. నా కుండలో మట్టి అయిపోయింది. ఆడవాళ్ళు వరసకట్టి ఎర్రమట్టి తవ్వి తెచ్చారు, పేడ తెచ్చారు, నీళ్ళు తెచ్చారు. ఒక గోడ నుంచి ఇంకో గోడకి, వంటింటికి, పడమటింటికి మామ్మ వెళ్తుంటే జనమంతా వెనకాలే నడిచారు. ప్లీడరుగారు తలపాగా తీసి పక్కన పెట్టి, మేష్టారు అలిసిపోతే తను రాశారు, తను అలిసిపోతే మిత్రులకి ఇచ్చారు. కోటు నిండా ఎర్రమరకలు. బండి సిద్ధంగా ఉందని మా బావ రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పబోతే ప్లీడరుగారే కసిరారు. "రైలు రేపు కూడా ఉంటుందయ్యా. ఎడ్లని విప్పు."

కుండ పట్టుకుని మామ్మ పక్కన నడుస్తున్నది నేను. తప్పు చేసినదాన్ని అని నాకు గుర్తు కూడా లేదు అప్పటికి. పడమటింటి గోడ మీద, తోట పాటలో, ఆవిడ చెయ్యి ఒక పాదం దగ్గర నెమ్మదించింది.

*కావిడెత్తి నా కొడుకు కన్ను తెరవకముందె*
*తావు తావు మొక్కకెల్ల తల్లిపాలు పోసె*

గుమ్మంలో నిలబడ్డ మామగారు చెయ్యి తన భుజం మీద వేసుకున్నాడు, కాయకాసిన చోట. ఆ తర్వాతి చరణాలన్నీ ఆయన గురించే. ఏ నుయ్యి, ఏ దారి, ఎన్ని మొక్కలు, ఏ రాయి తగిలి ఎక్కడ పడ్డాడు, అన్నీ ఉన్నాయి. చూడలేదనుకున్న తండ్రి చూస్తూనే ఉన్నాడు. రాసింది గోడ మీద. కొడుకుకి చదువు రాదు, తండ్రి పైకి చదివే వేళకి ఆయన తోటలో ఉండేవాడు. వారం తిరక్కుండా దాని మీద పూత. మామగారు జనాన్ని తోసుకుని వచ్చి నా చేతిలోంచి కుండ తీసుకున్నాడు.

"ఇలా తే అమ్మా. బరువు నాను మోత్తాను" అన్నాడు. తల్లి పక్కన అలాగే నిలబడ్డాడు, సాయంత్రం దాకా ఆ కుండ ఎవరికీ ఇవ్వలేదు.

పొద్దు వాలేసరికి నడిమింటి గోడ ఒక్కటే మిగిలింది. నేను అలికిన గోడ. మామ్మ దాని ముందు నిలబడి కాస్త ఊపిరి తీసుకుంది. నా అర్ధచంద్రాలు ఆరి కనిపిస్తున్నాయి. గుడ్డ ముంచి, ఎడమ మూల చెయ్యి పెట్టి, నెమ్మదిగా మొదలుపెట్టింది. ఈ పాట ఒక్కటే ఆయన మంచంలోంచి చదివాడట. ఆవిడ విన్నది గాని అలకలేదు. ఇప్పుడు అలుకుతోంది. పాట సముద్రం మీద మొదలై, తోటల మీదుగా, ఇంట్లోకి, చివరికి ఆవిడ దగ్గరికి వచ్చింది.

*గోడ నిండ రాసినాను గుండెలోని మాట*
*ఏడు నాళ్ళు పోకముందె ఎర్రమట్టి పూత*
*వాడిపోయె నా రాతని వగవలేదు నేను*
*నీడ లాగ నీ చేతిలో నిలిచినాది పాట*

గుడ్డ కుండలో వేసి, "అయిపోనాది" అంది. అని నవ్వింది. పందిట్లోంచి, వీధిలోంచి, కొబ్బరిచెట్ల కింద నుంచి జనం ఆ నాలుగు పాదాలూ ఎత్తుకున్నారు. అంతమంది గొంతు ఒకేసారి విన్నది నేను అప్పుడే. ఏడ్చాను. మట్టి చేతులతో ముఖం తుడుచుకుంటూ ఏడ్చాను, సిగ్గుపడలేదు.

ప్లీడరుగారు చేతులు జోడించి, "రుజువు కోసం వచ్చానమ్మా. ఇక నేను సంఘం ముందు పెట్టవలసింది ఈ పుస్తకం. కాపాడవలసింది ఈ ఇల్లు" అన్నారు. తర్వాత మామగారి వైపు చూశారు. ఇల్లు ఆయనది. మాట ఆయన చెప్పాలి. ఆయన కుండ దించాడు. చేతులు కడుక్కుని తోటలోకి వెళ్ళిపోయాడు.

సోమవారం తెల్లారుతూనే ఇంటి చూరుకి నిచ్చెన ఆనించిన చప్పుడైంది. వాకిట్లోకి పరిగెత్తి చూస్తే మామగారు కప్పు మీద ఉన్నాడు. పాత కమ్మలు కిందకి లాగి పారేస్తున్నాడు. కిందన, గోడవార, అప్పుడే కొట్టి తెచ్చిన కొత్త తాటికమ్మల మోపులు పేర్చి ఉన్నాయి.

"నిలబడి సూత్తావేటమ్మా, కమ్మలందియ్యి" అన్నాడు. "ఈ కప్పు వానకి కారితే గోడలు నానిపోతాయి."

ఆ ఏడు వానలకి ఒక్క చుక్క లోపలికి రాలేదు. టెక్కలి నుంచి పెట్టెలో పుస్తకాలు వచ్చాయి, పలాస దాకా రైల్లో, అక్కణ్ణుంచి మా బావ బండిలో. పెంకుటిల్లు తోట పక్కన వేరే దూలాలతో కట్టుకున్నాం. ఈ ఇల్లు ఇలాగే ఉంది. ఏటేటా తాత తిథి నాడు ఊరి ఆడవాళ్ళందరం ఎడమ నుంచి, వరస వరసా, పాట పాడుతూ అలుకుతాం. గోడలకి సిమెంటు చేయిస్తామని, అద్దాలు పెట్టిస్తామని మధ్యలో ఎందరో వచ్చారు. పోయి మీ ఇంటికి పెట్టుకోండని చెప్పాను.

పుస్తకాల ఇల్లు తెరిచాక మేష్టారు సాయంత్రాలు అక్కడే చదువు చెప్పేవారు. మొదట వెళ్ళి కూర్చున్న ఆడదాన్ని నేను. నా కళ్ళ ముందే అక్షరాలున్నా పొగ అనుకున్నదాన్ని, ఆ కోపం నా మీద నాకే ఉండేది. ఏడాది తిరిగేసరికి చదవడం వచ్చింది, రాయడం వచ్చింది. ఆ తర్వాత ఒక బుధవారం, ఎవరూ లేనప్పుడు, బొగ్గుముక్క తీసుకుని నడిమింటి గోడ మీద నాలుగు పాదాలు రాశాను. నా సొంతవి. మా కన్నవారి ఊరి సముద్రం మీద.

గురువారం పొద్దున్న మామ్మ కుండతో వచ్చింది. గోడ చూసింది. ఎవరు రాశారని అడగలేదు. గుడ్డ ముంచి, ఎడమ మూల చెయ్యి పెట్టి నా వైపు తిరిగింది.

"సదువు" అంది.

చదివాను. మొదటి పాదం మీద చెయ్యి సాగిపోయింది. రెండో పాదం మీద కూడా. మూడో పాదం మధ్యలో ఆగింది. ఆవిడ చెయ్యి తీసి పక్కకి జరిగింది.

"ఇక్కడ బాగోనేదు. మల్లీ రాయి" అంది. "మీ తాతకీ ఇలాగే సెప్పీదాన్ని."

నేను బొగ్గుముక్క తెచ్చుకున్నాను.